జెట్టీ మీద రాసుకున్న జాబితా

ఆస్తి పోయినా పంతం పోని జమీందారీ కుటుంబం మాది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో విశాఖ చేపల రేవులో, బోటు యజమానుల ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఏ బోటు వేటకెళ్లిందో, ఏది తిరిగొచ్చిందో జెట్టీ గదిలోని కంప్యూటర్లో గుమాస్తా అప్పల్రాజు ఎక్కించేవాడు. ఆ ఫైలు మాత్రం, నెట్‌వర్క్ తీగతో దానికి కలిపిన నా గదిలోని కంప్యూటర్లోనే ఉండాలన్నాను.

"తీగ కదిల్తే ఫైలు పాడైపోతాది బాబూ, ఇక్కడి డిస్కులోనే ఉంచుదాం" అని అతను మొత్తుకున్నాడు. పెత్తనం వదులుకోబుద్ధి కాలేదు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు, అతను ఎక్కిస్తుండగానే గాలికి తీగ ఊడింది. ఫైలు మళ్లీ తెరుచుకోలేదు. ఉన్న కాపీ వారం కిందటిది. సముద్రంలో ఇంకా ఎవరున్నారో చెప్పమని గాలింపు ఓడలవాళ్లు ఒకటే ఫోన్లు. గదిలో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి జెట్టీకి పరుగెత్తాను. మగవాళ్ల కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్ల ముందు తలవంచి, "నా మూలంగా జాబితా పోయింది" అన్నాను.

ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీ కంప్యూటర్ పెట్టి మర్సిపోతే మాం మర్సిపోతామేటి? కూకో బాబూ, రాసుకో" అంటూ చేపల గంప బోర్లించింది.

దానిమీదే కూర్చుని, వాళ్లు చెప్పిన పదకొండు బోట్ల పేర్లూ రాసి, గాలింపు ఓడలవాళ్లకు ఫోన్లో చదివాను. మర్నాటికి అన్నీ ఒడ్డు చేరాయి. ఫైలును నేనే జెట్టీ కంప్యూటర్ డిస్కులోకి మార్చాను.

తలవంచితే పరువు పోతుందని మా ఇంట్లో నేర్పారు. ఆ రోజు వంచకపోయుంటే ఏం పోయేదో తలచుకుంటే ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను.