గేటు చేసిన దినం

వెల్డింగ్ ఏలీయాకు కాలు నిలవదు. జమ్మలమడుగులో బస్సు దిగుతూనే చంకలోని కవరు తడుముకుంటాడు. నిప్పురవ్వలు పడి మచ్చలు తేలిన చేతులతో అందులోంచి కాగితం తీసి, చూసి, మళ్లీ మడుస్తాడు. పోలండ్‌లో ఓడలు కట్టేవాళ్లు పంపిన వర్క్ పర్మిట్ అది. వీసాకు ఇక పోలీసు సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ. అది రాదు, ఏలీయా మీద కేసుంది. నాలుగేళ్ల కిందట ఊళ్లో కొట్లాట జరిగితే, ఎదుటి పార్టీవాళ్లు ఏలీయా వీధి మగాళ్ల పేర్లన్నీ ఫిర్యాదులో రాయించారు. అక్కడ ఫిర్యాదు రాసే తీరే అంత. ఆ దినం ఏలీయా ఊళ్లోనే లేడు. పులివెందులలో ఆ ఎదుటి పార్టీ నాయకుడి కొత్తింటికే మనిషెత్తు ఇనుప గేటు బిగిస్తున్నాడు. సొంత పార్టీకి తెలియకుండా ఒప్పుకున్న పని అది.

"గేటు పెట్టించుకున్న ఆయప్పే వచ్చి సాక్ష్యం చెప్తానంటాండాడు గదా, ఇంకా ఏంది ఆలోచన?" అంది ఇంట్లో భార్య సుగుణమ్మ.

కూర్చున్నవాడు లేచాడు ఏలీయా. "చెప్పినాక గేటు సంగతి మనోళ్లకు తెలుస్తాది. నేను విమానమెక్కి పోతా. ఈ వీధిలో ఉండాల్సింది నువ్వు."

సుగుణమ్మ వాకిలి వైపు చూసింది. వాళ్లింటికి గేటు లేదు. తడిక ఒకటి తాడుతో కట్టి ఉంది.