కిందికి పెరిగే గీత

దమ్మపేటలో నేను కంప్యూటర్ సెంటర్ నడిపిన రోజుల్లో, నా దగ్గర గీతలు గీసే కొండచిలువ ఒకటి ఉందని సగం ఊరు నమ్మింది. మిగతా సగం నమ్మినట్టు నటించి నా టీ తాగింది. ఆ మాట పుట్టించింది నేనే. పూర్తి అబద్ధం కూడా కాదు. నేను రాసే కంప్యూటర్ భాష పేరు పైథాన్, అంటే కొండచిలువే. దానికి అంకెలు తినిపిస్తే గ్రాఫులు కక్కుతుంది. కాకపోతే వారానికో కోడిని కూడా వెయ్యాలని చెప్పడం కొంచెం ఎక్కువైంది. ఒకాయన నిజంగానే పుంజును చంకలో పెట్టుకుని చూడటానికి వచ్చాడు. ఇప్పుడు ఆ పుంజు గుర్తొస్తే నవ్వొస్తుంది. మిగతాదంతా గుర్తొస్తే నడుం నొప్పి వస్తుంది.

రెండు వేల ఆరు, అటూ ఇటూ. నేను రాసింది ఒక లైబ్రరీ. పుస్తకాలది కాదు. అడ్డగీత, నిలువుగీత గీసేది, చుక్క పెట్టేది, చుక్కల్ని కలిపేది, రంగు నింపేది, ఇట్లా గ్రాఫులకు కావలసిన పనిముట్లన్నీ ఒక సంచిలో సర్ది, ఎవరైనా ఊరికే వాడుకోండి, బాగాలేకపోతే మీరే విప్పి బాగుచేసుకోండి అని ఇంటర్నెట్‌లో పెట్టాను. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. బాగుచేసేవాళ్లు తక్కువ, బాగాలేదని ఈమెయిల్‌లో ఉత్తరాలు రాసేవాళ్లు ఎక్కువ. రాయడం ఒక ఎత్తు అయితే, నా మెషీన్‌లో నడిచేది ఇంకొకరి మెషీన్‌లోనూ నడిచేలా ప్యాకేజీ కట్టడం ఒక ఎత్తు. కట్ట కట్టిన ప్రతిసారీ ఒక ఆకు బయటే మిగిలిపోయేది. అది లేదని ఎక్కడో ఎవరో అరిచేదాకా నాకు తెలిసేది కాదు.

ఆ లైబ్రరీ నాకు అవసరం పడింది మాత్రం ఒక బావి కోసం.

నా భార్య నర్సు. అడవి అంచున ఉన్న ఒక గూడేనికి వారం వారం వెళ్లేది. ముప్పై ఇళ్లు, ఒకటే బావి. హోళీ దాటేసరికి అది అడుగంటేది. ఇక వాగు ఇసుకలో చెలమలు తోడుకుని ఆ నీళ్లే తాగేవారు. అంతకుముందు ఎండాకాలం ఆ నీళ్లకు పిల్లలు వాంతులు, విరేచనాలతో పడిపోతే, ఈమె సెలైన్ సీసాలు చెట్టుకొమ్మలకు కట్టి మూడు రోజులు అక్కడే ఉండిపోయింది. ఇద్దరిని జీపులో సత్తుపల్లి దవాఖానాకు పంపింది. బతికారు. కానీ ఇంటికి వచ్చాక ఆమె చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉంది.

ఆ ఏడాది బావులు లోతు చేయించడానికి ఊళ్ల జాబితా తయారవుతోంది. నీళ్లు నిజంగా పడిపోతున్నాయని చూపించిన ఊళ్లకే ముందు. ఖమ్మంలో ఆఫీసరు ఆమె నోటుబుక్కు చూసి, "గిన్ని అంకెలు ఎవరు చదువుతరమ్మా? గ్రాఫ్ తీసుకరా" అన్నాడట. ఆదివారం ప్రార్థన అయి ఇంటికి వస్తూ దారిలో అడిగింది నన్ను.

"ఏమయ్యా, లోకంల అందరి బొమ్మలు గీస్తవు గదా. మా బావి బొమ్మ గియ్యరాదూ?"

ఆ అంకెలు ఎట్లా పుట్టాయో చెప్పాలి. గూడెంలో బావి కొలిచేది ఒక పెద్దాయన. నార తాడుకు రాయి కట్టి, మూరకో ముడి వేసి పెట్టుకున్నాడు. గట్టు మీది నుంచి రాయిని అడుగు తగిలేదాకా దింపి, పైకి లాగి, తడవకుండా పొడిగా ఉన్న ముడులు లెక్కపెట్టేవాడు. నీళ్లెన్ని ఉన్నాయన్నది వాళ్ల లెక్క కాదు, నీళ్ల కోసం ఎంత కిందికి పోవాలన్నదే లెక్క. వానాకాలంలో నాలుగు ముడులు. చలి తగ్గేసరికి పదమూడు. ఇరవై రెండు దాటితే బురద. అట్లా వానాకాలం నుంచి వారానికో అంకె ఆమె నోటుబుక్కులో ఉంది.

సంతరోజు పెద్దాయన సెంటర్‌కు వస్తే గ్రాఫ్ గీసి గర్వంగా చూపించాను. ఆయన తెర ముందు వంగి, మెడ అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏంది సారూ, ఎండలు ముదిరినకొద్దీ మా బావిల నీళ్లు పైకొస్తున్నయా?"

"నీళ్లు కాదు తాతా, ముడులు పెరుగుతున్నయి."

"ముడులు పెరిగేది కిందికి గదా. తాడు ఆకాశంలకు పెరుగుద్దా? నీ పాముకు బావి తెల్వదు సారూ."

నాకు రోషం వచ్చింది. ఆయన పక్కనే కూర్చుని ఉండగానే లైబ్రరీ విప్పి, సున్నాను పైకి తెచ్చి, అంకెలు కిందికి పెరిగేలా మార్చాను. ఇప్పుడు గీత నీళ్లతోపాటు దిగింది. ఆయన వేలు పెట్టి దాని వెంట చివరిదాకా వచ్చాడు. "అవ్. గిదీ మా బావి." ఆ వేలు అక్కడ ఆగలేదు, గీత కన్నా ఇంకా కిందికి, ఏమీ లేని చోటికి దిగింది. "గీడ బురద." అక్కడ అడ్డంగా మట్టిరంగు పట్టీ ఒకటి వేశాను.

అక్కడితో ఆగి ఉంటే నేను నేనే కాను. ఇట్లా కావాలంటే ప్రోగ్రాములో ప్రతిసారీ ఒక మాట అదనంగా రాయాలి. దానికి బద్ధకించి, లైబ్రరీ ఎవరికి గీసినా సరే, ప్రతి గ్రాఫూ పైనుంచి కిందికే పెరిగేలా మార్చి లోకానికి విడుదల చేశాను.

పదిరోజులకు ఉత్తరం వచ్చింది. ఎక్కడో చలిదేశంలో ఒకాయన నా లైబ్రరీని తమ కంప్యూటర్లకు సరిపడేలా ప్యాకేజీ కట్టి పంచేవాడు. ఒక్క రూపాయి తీసుకోడు, ఒక్క తప్పు వదలడు. అంతకుముందు ఒకసారి నేను జవాబు ఆలస్యం చేసి, మా టెలిఫోన్ తీగను అడవి ఏనుగు తెంపిందని రాశాను. మా అడవిలో ఏనుగులు లేవు. ఆయన పాపం నమ్మేశాడు. అప్పటినుంచి ప్రతి ఉత్తరం చివర ఏనుగు క్షేమం అడిగేవాడు. ఈసారి ఏం రాశాడంటే, ఒక పంతులమ్మ తన క్లాసు పిల్లల ఎత్తులు గ్రాఫు గీస్తే పిల్లలంతా గబ్బిలాల్లా పైనుంచి వేలాడుతున్నారట. చెప్పకుండా ఇట్లా మారిస్తే జనం మన పనిని ఎట్లా నమ్ముతారని అడిగాడు. కోపంగా కాదు, మర్యాదగా. అదే ఎక్కువ బాధపెట్టింది. కింద ఏనుగు సంగతి మామూలే.

ఖమ్మం వెళ్లడానికి ముందురోజు ఆ మార్పును వెనక్కి తిప్పే పని ముగించాను. గ్రాఫులన్నీ మళ్లీ మామూలుగా పైకే పెరుగుతాయి. కిందికి కావలసినవాళ్లు ఆ మాట రాసుకోవాలి. ప్యాకేజీ కట్టి, సీడీ మీదికి ఎక్కించి, నా బావి ప్రోగ్రామును ఇంటి మెషీన్‌లో ఒకసారి నడిపి చూశాను. గీత చక్కగా కిందికి దిగింది. ఎందుకు దిగదు? ఆ మెషీన్‌లో ఇంకా అన్నీ కిందికే గీసే పాత కాపీయే కూర్చుని ఉంది. అలసిపోయిన మనిషి, తనకు కావలసింది కనపడితే ఇంకేమీ అడగడు.

ఆ గ్రాఫును ఏ జిరాక్స్ షాపులోనో ప్రింట్ తీయించుకుని పోతే సరిపోయేది. కానీ నేను ఫోన్‌లో ఆఫీసరుతో, "కాగితం ఎందుకు సార్, మీ కళ్ల ముందే గీసి చూపిస్త" అన్నాను. పెద్దాయనతో ఇంకో మాట కూడా అన్నాను. "తాడు ఇంట్లనే పెట్టి రా తాతా. ఇగ దానితోని పనిలేదు."

సత్తుపల్లి మీదుగా ఖమ్మం బస్సులో నేను, నా భార్య, పెద్దాయన. ఆయన దారంతా కిటికీలోంచి బావులు లెక్కపెట్టాడు. ఆమె నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కండక్టరుకు కొండచిలువ కథ చెప్పాను.

ఆఫీసులో సీడీ పెట్టాను. లైబ్రరీ ఒక్క గొణుగుడు లేకుండా ఎక్కింది. అప్పుడే అనుమానించాల్సింది. ప్రోగ్రాము నడిపాను. గీత నెమ్మదిగా, అందంగా పైకి ఎక్కింది.

ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. "నీళ్లు గింత మంచిగ పెరుగుతున్నయి గదా. మీ ఊరు జాబితాల ఎందుకు?" తెరకు ఇంకా దగ్గరగా వచ్చి, "పైన గా మట్టిరంగు ఏంది? మబ్బా?" అన్నాడు.

బురద. బావి అడుగున ఉండాల్సిన బురద ఆకాశంలో ఉంది. ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. సీడీలో ఉన్నది కొత్త లైబ్రరీ, కిందికి పెరగమనే మాట నా ప్రోగ్రాములో రాయనేలేదు. కీబోర్డు మీదికి చెయ్యి పోనిచ్చి, "సార్, రెండు నిమిషాలు" అన్నాను. నిజానికి ఒక్క మాట రాస్తే అయిపోతుంది. అప్పుడే కరెంటు పోయింది. కంప్యూటర్ కింది బ్యాటరీ డబ్బా నాలుగుసార్లు కీచుమని అదీ ఆగిపోయింది.

"పన్నెండింటికి నేను ఏన్కూరుల ఉండాలె" అన్నాడు ఆఫీసరు, గడియారం చూసుకుంటూ. "జాబితా గూడ నాతోనే పోతది."

నా భార్య నా వైపు చూడటం లేదు. నోటుబుక్కు అట్ట మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి.

"తప్పు నాదే సార్. బొమ్మ తలకిందులైంది" అన్నాను.

"ఇప్పుడు తలకిందులంటవు. కరెంటొచ్చినంక తిప్పి, గిదే నిజమంటవు. ఎటంటే అటు తిరిగే బొమ్మను నేనెట్ల నమ్మాలె?"

చలిదేశం ఆయన అడిగిందీ అదే.

పెద్దాయన అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ముందుకు వచ్చి, నడుముకు చుట్టిన తువ్వాలు విప్పాడు. దాని కింద తాడు. నా మాట వినలేదు. ఒక్కో చుట్టు తీస్తూ ఆఫీసరు బల్ల మీద పేర్చాడు. చివరి చుట్లు ఇంకా నల్లగా, చెమ్మగా ఉన్నాయి. రాయికి అంటిన బురద ఫైళ్ల మీద రాలింది.

"గిది తిరగబడదు సారూ. మీరెటు పట్టుకున్నా రాయి కిందికే పోతది" అన్నాడు. "పొద్దుగాల కొలిసి వచ్చిన. పదిహేడు పొడి. ఐదు తడి. ఆ తర్వాత బురద."

ఆఫీసరు ఒక తడి ముడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"తాడును ఫైల్‌ల పెట్టలేను తాతా. కాగితం కావాలె."

సొరుగులోంచి గళ్ల కాగితం ఒకటి, పెన్సిల్ ఒకటి తీసి నా ముందుకు తోశాడు.

సున్నా పైన పెట్టాను. నా భార్య నోటుబుక్కు తెరిచి ఒక్కో వారం చదివింది. "నాలుగు. నాలుగు. ఐదు." ప్రతి అంకెకూ పెద్దాయన తాడు మీద ఆ ముడి దాకా వేలు జరిపి "అవ్" అన్నాడు. నేను చుక్క పెట్టాను. "పదకొండు." "అవ్." మధ్యలో ఒకచోట ఆమె పేజీ తప్పి తొమ్మిది అని చదివితే, ఆయన వేలు కదపలేదు. "గా వారం పన్నెండమ్మా. మా మనవరాలు బిందె కోసం ఏడ్చిన వారం." ఆమె వెనక్కి తిప్పి చూసింది. పన్నెండే.

చుక్కలు కలిపాక ఇరవై రెండో గీత కింద పెన్సిల్‌తో గట్టిగా రుద్ది నల్లగా చేశాను. ఆఫీసరు ఆ నలుపు మీద వేలు పెట్టి, "బురదేనా?" అన్నాడు.

"అవ్" అన్నాడు పెద్దాయన.

కాగితం కింద సంతకం చేసి, జాబితాలో ఆఖరి ఊరి పేరు కింద గూడెం పేరు రాసుకుని ఆయన జీపెక్కాడు. రెండేళ్లు రాసిన లైబ్రరీ చేయాల్సిన పని పావు పెన్సిల్‌తో అయిపోయింది. నా చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది.

తిరుగు బస్సులో పెద్దాయన నిద్రపోయాడు. నా భార్య చాలా దూరం వచ్చాక అడిగింది. "ఏనుగు కథ చెప్పలేదేంది ఆయనకు?"

"నోరు రాలే."

"మంచిదైంది" అని కళ్లు మూసుకుంది.

ఆ వారమే చలిదేశం ఆయనకు ఉన్నదున్నట్టు రాశాను. ఏనుగు లేదు, బావి ఉంది, గీతను ఎందుకు తిప్పానో ఇదీ సంగతి అని. ఏనుగు లేదని తనకు ఎప్పుడో తెలుసునని, అయినా అడగడం అలవాటైపోయిందని జవాబిచ్చాడు. లైబ్రరీతోపాటు నమూనా బొమ్మలు కొన్ని పంపుతాం కదా, వాటిలో ఆ బావిని, మట్టిరంగు పట్టీతో సహా పెట్టమన్నాడు. పెట్టాను. తర్వాత మూడేళ్లకు ఇక చేతకాక లైబ్రరీని ఇంకొకరికి అప్పగించాను. వాళ్లు చాలా మార్చారు. బావిని ఉంచారు.

ఆ ఎండలు ముదరకముందే బావి దిగి తవ్వారు. బురద కింద రాయి, రాయి కింద నీళ్లు. ఒక సంతరోజు పెద్దాయన సెంటర్ గుమ్మంలో నిలబడి, తాడు చాలడం లేదన్నాడు.

"ఇంకో ఆరు ముడులేసిన సారూ. నీ కాగితం గూడ కిందికి పెంచు."

"పెంచుత తాతా" అన్నాను. లేచే ఓపిక లేక కూర్చునే అన్నాను.

ఆ ఎండాకాలం నా భార్య వారానికి ఒక్కరోజే గూడేనికి వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ, ఏ చెట్టుకూ సెలైన్ సీసా కట్టకుండానే, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చేసింది.