మూడో బెజ్జం

తంబురా చేయడంలో కష్టమంతా సొరబుర్రలో ఉందనుకుంటారు చూసేవాళ్లు. కాదు. బుర్ర బాగా ఎండితే చాలు, దాని పని అది చేస్తుంది. కష్టమంతా పైన బిరడలు దూర్చే బెజ్జాల్లో ఉంది. తంతి చుట్టుకునే ఆ కొయ్య మేకు, పొడవాటి మెడలా ఉండే దండి తలకున్న ఒక గోడలోంచి దూరి, మధ్యలో ఖాళీ దాటి, రెండో గోడలోకి సూటిగా పోవాలి. వెంట్రుకవాసి వంగినా బిరడ నిలవదు, శ్రుతి నిలవదు. నాలుగు తంతులకు నాలుగు బిరడలు. మా ఇంట్లో తంబురాకు మూడు బాగానే కుదిరాయి, ఒకటి కుదరలేదు. నేను చెప్పబోయేది ఆ ఒక్కదాని గురించే.

డెబ్బైలలో ఉప్పుగూడ స్టేషను దగ్గర రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం, నేనూ నా భార్యా. పిల్లలు లేరు. నేను సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. చేతిపని మీద మహా పొగరు నాకు. కోపం ముక్కు మీదే ఉండేది. ఆమె నోట్లో నాలుక లేని మనిషి, కానీ పాట ఎత్తుకుందంటే గల్లీలో ఆడవాళ్లు పొయ్యి మీద కూర మర్చిపోయేవాళ్లు. శనివారం శనివారం మా ఇంట్లోనే భజన. శ్రుతిపెట్టె ఎవరింటి నుంచో అడిగి తెచ్చుకునేవాళ్లు. ఒకసారి అలా అడగబోయి లేదనిపించుకొని వచ్చి, నాకంటూ ఒక తంబురా ఉంటే బాగుండు అంది. పదేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కొనడమెందుకు, నేనే చేసిస్తానన్నాను.

మొఘల్‌పురాలో పాత ఇల్లొకటి కూలగొడుతుంటే టేకు దర్వాజ చెక్క తెచ్చాను. ఎన్నో ఎండలూ వానలూ తిని గట్టిపడ్డ చెక్క. అలాంటిది ఇంకొకటి దొరకదు. దాన్ని దండిగా చెక్కడానికి నాలుగు నెలల ఆదివారాలు పట్టాయి.

చేతి డ్రిల్లుతో సూటిగా బెజ్జం వేయాలంటే ఇద్దరుండాలి. మా ఫ్యాక్టరీలో పద్ధతి అదే. తిప్పేవాడికి డ్రిల్లు కుడి ఎడమలకు వాలితే తెలుస్తుంది. తన మీదికి వాలిందో అవతలికి వాలిందో తెలియదు. అందుకని పక్కన ఒకరు కూర్చుని, చెక్క మీద గునియా నిలబెట్టి, ఆ ఇనుప మూలమట్టానికీ డ్రిల్లు పుల్లకూ మధ్య సందు చూస్తూ చెబుతుండాలి. ఇంట్లో ఆ పక్కన కూర్చునే మనిషి ఆమె. చక్కగా ఉందనీ, వాలిందనీ రెండే మాటలు చెప్పమన్నాను. మొదటి బెజ్జం సూటిగా దిగింది. తర్వాతి ఆదివారం రెండోదీ అంతే. ఫ్యాక్టరీలో నా జోడీ కంటే నువ్వే నయం అని మెచ్చుకున్నాను. ఆమె నవ్వలేదు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

అప్పటికి ఏడాదిగా ఆమె మీద ఊరికే విసుక్కుంటున్నాను. అన్నంలో రాళ్లు వస్తున్నాయి. రోజూ దాటే గడపే కాలికి తగులుతోంది. సూదిలో దారం పక్కింటామెతో ఎక్కించుకుంటోంది. పరధ్యానం అని తిట్టాను, బద్ధకం అని తిట్టాను. ఒకనాడు కండ్లు నెత్తికెక్కినయా అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

మూడో బెజ్జం వేసే రోజు గల్లీలోకి బరాత్ వచ్చింది. మర్ఫా డప్పులకు గోడలు అదురుతున్నాయి. కాసేపు ఆపుదామా అందామె. పెళ్లి వాళ్లది, మనకేం అని నేను తిప్పుతూనే ఉన్నాను. ఎలా ఉందని అరిచి అడిగితే చక్కగా ఉందంది. ఇంకోసారి అడిగాను. చక్కగానే ఉందంది. డ్రిల్లు రెండో గోడ దాటి బయటికొచ్చాక చూశాను. పెట్టిన గుర్తుకు బియ్యపుగింజంత పక్కన తేలింది.

అగ్గి మీద గుగ్గిలమయ్యాను. నాలుగు నెలల కష్టం బూడిదలో పోశావన్నాను. గునియా లాక్కుని నేలకు కొట్టాను. అది ఎగిరి ఆమె మోకాలి ముందే పడింది. తీసి ఇటివ్వమని గద్దించాను. ఆమె రెండు చేతులూ నేల మీద పెట్టి తడమడం మొదలుపెట్టింది. ఎడమకు, కుడికి, గోడ వారకు. గునియా ఎదురుగానే ఉంది. బరాత్ గల్లీ దాటిపోయింది. ఆమె ఇంకా తడుముతూనే ఉంది.

పక్కనే కూలబడి, ఎప్పటి నుంచి అని అడిగాను. ఏడాది దాటిందంది. మరి మొదటి రెండు బెజ్జాలూ ఎలా చెప్పావన్నాను.

"సప్పుడు ఇని చెప్పిన," అంది. "సక్కగ దిగితే డ్రిల్లు ఒక్క తీరుగ ఇనొస్తది. వాలితే కిర్రుమంటది. ఇయాల మర్ఫా లొల్లిల నాకేం ఇనరాలె."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే అరుస్తవని బుగులైంది."

నేను తాగేవాణ్ని కాదు. ఆమె మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. అందుకని నన్ను నేను మంచివాణ్ననుకునేవాణ్ని. చూపు పోవడం కంటే నా అరుపే ఆమెకు పెద్ద భయమైందని ఆ రోజు తెలిసింది.

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. నీటికాసులు అన్నాడు కళ్ల డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదు, ఏడాది కింద తెస్తే ఉన్నదాన్ని కాపాడేవాళ్లం అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పూటపూటకూ చుక్కల మందు వేశాను. రెండేళ్లలో ఆ మిగిలిన మసక వెలుగు కూడా ఆరిపోయింది.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం నాలుగో బెజ్జానికి ఆమెను మళ్లీ పక్కన కూర్చోబెట్టాను. చెవులతోనే చెప్పు, నాకు అదే కావాలి అన్నాను. గల్లీలో చప్పుడు లేదు. డ్రిల్లు తిప్పుతూ ఎన్నిసార్లు అడిగినా ఆమె నోరు విప్పలేదు. చివరికి "నువ్వే సూసుకో" అని లేచి వంటింట్లోకి పోయింది. పక్కింటాయన్ని పిలిచి గునియా పట్టమన్నాను.

తంబురా పూర్తయింది. మూడో బెజ్జంలో సందుకు టేకు చీలిక అంటించాను. అయినా బిరడ జారేది. భజన మధ్యలో జారినప్పుడల్లా ఆమె వేళ్లతో వెతికి బిగించుకుని, ఇది నేను చెడగొట్టిన బెజ్జం, మా ఆయన తప్పేం లేదు అని ఆడవాళ్లకు చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు. తొమ్మిదేళ్లు, శనివారం శనివారం ఇదే. నేను గడపలో కూర్చుని వినేవాణ్ని. కాదు అని ఒక్క మాట అనడానికి, అంత అరిచిన నోరు ఒక్కనాడూ పెగల్లేదు.

తర్వాత ఒక వానాకాలం జ్వరమొచ్చి వారం రోజుల్లో ఆమె చనిపోయింది. పదకొండో రోజు ఆ ఆడవాళ్లే వచ్చి, తంబురా దించి, ఆమెకు ఇష్టమైనవన్నీ పాడారు. మధ్యలో మూడో బిరడ జారింది. అందరిలో పెద్దామె కళ్లు తుడుచుకుంటూ, పాపం, ఇది ఆమె చెడగొట్టిందే కదా అంది.

"కాదమ్మా," అన్నాను. "గిది నేను చెడగొట్టిన."

మిగతాదంతా చెప్పబోయాను.

అంతలోనే పెద్దామె నా తల మీద చెయ్యి వేసి, మిగతావాళ్ల వైపు తిరిగింది. "సూసిండ్రా, పోయిన పెండ్లాం మీద ఒక్క మాట గుడ పడనిస్తలేడు. గింత మంచి మొగన్ని ఏడ సూస్తం."

అందరూ అవునన్నారు. నేను బిరడ బిగించి తంబురా వాళ్ల చేతికిచ్చాను.