బస్తాకి మొసలి ఏమవుతాడు

మా ఆయనను ఊరంతా బస్తా అంటారు. మనిషీ అలాగే ఉంటాడు, పొట్టిగా, గుండ్రంగా. మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి. పగలు సిమెంటు గోడౌన్‌లో మూటలు మోస్తాడు, శనివారం సాయంత్రాలు రేకుల షెడ్డులో కుస్తీ పడతాడు. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే కుస్తీ అది. టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. గంట కొట్టగానే మర్చిపోతాడు.

మొదట్లో ఆ కుస్తీలు ఆడించే కంపెనీ ఓనరు ఆయనకు వజ్రాయుధం అని పేరు పెట్టి తళుకుల అంగీ తొడిగించాడు. కుట్టింది నేనే. ఆరు నెలలు వరసగా గెలిపించినా చప్పట్లు పడలేదు. ఒకరోజు గోడౌన్‌లో ఆలస్యమై, బట్టలు మార్చుకునే తీరిక లేక, ఒంటినిండా సిమెంటు దుమ్ముతోనే బరిలోకి దిగాడు. అవతలివాడు ఎత్తి పడేస్తే భుస్సున దుమ్ము లేచింది. జనం ఘొల్లున నవ్వారు. వెనక బెంచీల్లోంచి ఎవరో "లేవరా బస్తా" అని అరిచారు. ఈయన బుద్ధిగా లేచాడు. షెడ్డు దద్దరిల్లిపోయింది. ఆ పూటతో వజ్రాయుధం పని అయిపోయింది, నా తళుకుల అంగీ దిండు గలీబైంది.

ఎత్తి పడేసినవాడు మా తమ్ముడు. బరిలో వాడి పేరు మొసలి. ఈయనలో జనానికి నచ్చిందేమిటో ముందుగా కనిపెట్టింది వాడే. మా వెనక గదిలో పాత పరుపులు పరిచి, గడ్డం ఛాతీకి ఆనించి ఎలా పడాలో, పడ్డాక ఎంతసేపు ఆగాలో నేర్పాడు.

"వెంటనే లేవకు బావా. తల తిప్పి జనం వంక చూడు. లేవనా వద్దా అని వాళ్లనే అడిగినట్టుండాలి."

"అడగడం దేనికిరా? ఎలాగూ లేస్తాను కదా."

"వాళ్లు చెబితే లేచావనుకోవాలి బావా. ఇంట్లో పెళ్లాం పిల్లలే మాట వినరు చాలామందికి. తమ మాట వినేవాడు ఒకడుంటే వాణ్ణి వదులుకుంటారా?"

మా తమ్ముడు బరిలో చెయ్యని వెధవ పని లేదు. రిఫరీ అటు తిరగ్గానే కళ్లలో పొడి కొట్టేవాడు, ముందు వరసలో కూర్చున్న ముసలావిడకు నాలుక చాపి వెక్కిరించేవాడు. వాడి మీద ఎంత అసహ్యం పుడితే మా ఆయన మీద అంత ప్రేమ పుట్టేది. నిజానికి వాడి చెయ్యి ఎంత మెత్తనిదంటే, పదమూడేళ్లలో ఈయన ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు.

కంపెనీలో ఒక కట్టడి ఉంది. హీరో, విలన్ బయట ఎక్కడా కలిసి కనబడకూడదు. బంధుత్వం సంగతి అసలే పొక్కకూడదు. అందుకని నా తోడబుట్టినవాడు నా ఇంటికే పెరటి దారిన, హెల్మెట్ పెట్టుకుని వచ్చేవాడు. కిటికీలోంచి కనబడకుండా వంటింట్లో నేల మీద కూర్చుని తినేవాడు. ఇద్దరు ఇంటివాళ్లు వాడికి ఇల్లు అద్దెకివ్వబోమని మొహం మీదే చెప్పారు. కూరగాయలామె పుచ్చినవే ఏరి తూచేది. దాదాపు ఖాయమైన సంబంధం, పిల్ల తండ్రి ఓ శనివారం ఆట చూడటంతో తప్పిపోయింది.

"నన్ను తిట్టారంటే బావ బాగా ఆడాడన్నట్టే అక్కా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. మా ఆయన తల వంచుకుని ముసిముసిగా నవ్వుకునేవాడు. ఆయనకేం, జనం నెత్తిన పెట్టుకున్నారు.

పోయిన ఏడు ఒక మంగళవారం మధ్యాహ్నం, మోటార్లు బాగుచేసే షాపులో పని చేస్తూ తమ్ముడు కుప్పకూలాడు. గుండెపోటు. షాపతను ఆసుపత్రిలో చేర్చి నాకు ఫోన్ చేశాడు. నేను యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ఉన్నాను, అక్కణ్ణించి బస్సులో గంట దారి. గోడౌన్‌కైతే ఆసుపత్రి రెండు వీధుల అవతలే. మా ఆయనకు ఫోన్ చేశాను.

"వాడు మిమ్మల్నే అడుగుతున్నాడట. మీరు ముందు వెళ్లండి, నేను బయల్దేరుతున్నా."

"పరిగెడుతున్నా" అన్నాడు.

నిజంగానే పరిగెత్తాడు. పది నిమిషాల్లో ఐసీయూ తలుపు దగ్గరున్నాడు. తరవాత జరిగింది ఆయనే నాకు చెప్పాడు, ఏదీ దాచలేదు. దుమ్ము కొట్టుకుని వచ్చిన బస్తాను గుర్తుపట్టనివాళ్లెవరు? వరండాలో వాళ్లంతా మూగారు, ఫోన్లు పైకి లేచాయి. తలుపు దగ్గర కాపలా అతను ఈయన అభిమాని.

"మొసలిని చూడ్డానికొచ్చారా అన్నా? ఎంత పెద్ద మనసు మీది. కానీ లోపలికి చుట్టాల్నే పంపుతాం. మీరు వాడికేమవుతారు?" అని నవ్వుతూ అడిగాడు.

"ఏమీ కాను" అన్నాడు మా ఆయన.

పదమూడేళ్ల అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చేసిందట. వెంటనే నాలుక కరుచుకున్నాడట. అయినా దిద్దుకోలేదు. దిద్దుకుంటే చుట్టూ ఉన్న ఆ మొహాలన్నీ వాడిపోతాయేమోనని భయమేసిందట. కాపలా అతను కుర్చీ వేశాడు. ఒకాయన కాలి పిండికట్టు మీద సంతకం పెట్టమన్నాడు, పెట్టాడు. ఈలోగా నర్సు తలుపు తీసి, "లోపలున్నాయన బావగారు వచ్చారా?" అని అడిగింది. "ఎవరూ రాలేదమ్మా" అన్నాడు కాపలా అతను. మా ఆయన అప్పటికి ఇంకెవరిదో నోటుపుస్తకంలో సంతకం పెడుతున్నాడు.

నేను చేరేసరికి ఇంకో నలభై నిమిషాలు పట్టింది. అక్కనని చెప్పగానే లోపలికి వదిలారు. అంత మనిషీ మంచంలో సగానికి సగం అయిపోయాడు.

"బావ రాలేదా అక్కా?"

"వచ్చాడ్రా. బయటున్నాడు. పిలుస్తానుండు."

"జనం ఉన్నారా?"

"ఉంటే ఉన్నారు. వాళ్లతో నీకేం పని?"

నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు. "అయితే వద్దులే. ఇన్నేళ్లు చేసిందంతా పాడవుతుంది. నేనేం అనుకోలేదని బావకి చెప్పు" అన్నాడు.

నేను వినలేదు. తలుపు తీసి, అందరి ముందూ "మీ బావమరిది మిమ్మల్ని అడుగుతున్నాడు, రండి" అని కేక పెట్టాను. అందరూ పక్కకి జరిగి దారి ఇచ్చారు. మేమిద్దరం లోపలికి వెళ్లేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు.

బంధుత్వం సంగతి ఆ సాయంత్రానికే ఊరంతా పాకింది. ఏమీ పాడవలేదు. శనివారం షెడ్డు నిండిపోయింది. బరి మధ్య నిలబడి మా ఆయన ఏడుస్తుంటే జనమూ ఏడ్చారు, ముందు వరస ముసలావిడతో సహా. ఇప్పుడు ఆయనంటే ఇదివరకటి కంటే ఎక్కువ ప్రాణం పెడుతున్నారు. పదమూడేళ్లు మేం భయపడింది ఈ జనానికేనా?

రోజూ కంచం ముందు కూర్చుని ఆయన అడుగుతాడు. "వాడు చివర్లో నా గురించి ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు" అంటాను.

వాడు చెప్పమన్న ఆ ఒక్క మాట చెబితే ఆయనకు నిద్ర పడుతుందని నాకు తెలుసు. చిక్కి సగమైన మనిషిని చూస్తే జాలి కూడా వేస్తుంది. ఎప్పుడో ఒకనాడు చెబుతానేమో. కానీ తలుపు అవతల తన బావ కోసం నా తమ్ముడు ఎదురుచూసిన నలభై నిమిషాలు నాకింకా గడవలేదు.