మూడో అంతస్తులో ఎవరూ లేరట!

మా వదినది పెద్ద నోరు. ఈ మాట ఆవిడ మొహం మీదే అంటాను కాబట్టి ఇది చాటున ఆడిపోసుకోవడం కాదు. పందొమ్మిదేళ్లుగా మేముండే బిల్డింగ్‌ని చూసుకునేది ఆవిడే. మెట్లు కడగడం, అద్దెకొచ్చినవాళ్లకి తాళాలివ్వడం, పైపు కారితే మనిషిని పిలవడం, అన్నీ ఆవిడ పనే. నేను ఆవిడతోనే ఉంటూ కింది గదిలో బట్టలు కుడతాను. ఎవరికి ఏ కష్టమొచ్చినా తిట్టుకుంటూ అందులో దూరడం మా వదిన అలవాటు. దూరి ఊరుకుంటుందా, నన్నూ లాగుతుంది.

ఆ యేడు మూడో అంతస్తులోకి వేరే దేశం నుంచి ఓ కుటుంబం వచ్చింది. మొగుడు, పెళ్లాం, పదేళ్ల కూతురు. ఆయన రొట్టెల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పిల్లని బడిలో చేర్చాలంటే మాత్రం వీళ్లు ఇక్కడే ఉంటున్నారని సర్కారు ఆఫీసువాళ్లు కాగితం ఇవ్వాలి. నెలాఖరులోగా కాగితం రాకపోతే ఆ యేడు చదువు పోయినట్టే. అప్పటికే ఆ పిల్లకి రెండేళ్ల చదువు దారిలోనే పోయింది.

ఆఫీసరు చూడ్డానికి వచ్చాడు. చూసి, "ఇక్కడ ఎవరూ ఉంటున్న దాఖలా లేదు" అని రాసుకుని పోయాడు.

ఆ ఇంటి ఇల్లాలు అతని ఎదురుగానే నిలబడి ఉంది! ఊడవడానికి వచ్చిన మనిషి అనుకున్నాడట. అనుకోడా మరి? గోడకి ఒక్క మేకు లేదు. అలమరలో ఒక్క చెంచా లేదు. వంట కాగానే గిన్నెలు కడిగి, తుడిచి, సంచిలో సర్దేస్తుంది మహాతల్లి. గుమ్మం పక్కన నాలుగు సంచులు, నాలుగూ తాళ్లతో బిగించి కట్టినవే. "ఇక్కడెవరైనా ఉంటున్నారా?" అని అతను అడిగితే ఈవిడ చేతులు కట్టుకుని, "ఏమీ పాడు చెయ్యలేదండీ, పొమ్మంటే పోతాను" అందట.

"పొమ్మంటే పోతావా! నిన్నెవరు పొమ్మన్నారే తల్లీ?" అని వదిన నెత్తి కొట్టుకుంది.

మర్నాడు ఆఫీసు తలుపులు తెరవకముందే వెళ్లి కూర్చుంది. అక్కడ ఎవరితో ఏం మాట్లాడిందో నాకు తెలియదు గానీ, మధ్యాహ్నానికల్లా ఇంకోసారి వచ్చి చూస్తామని వాళ్లని ఒప్పించి వచ్చింది. "ఇదే ఆఖరుసారి అన్నారు. పది రోజులు టైముంది. ఆలోపు ఆ కొంపని కొంపలా చెయ్యాలి" అంది.

అక్కణ్ణుంచి మొదలైంది నా అవస్థ. వదిన మా కర్టెన్ విప్పి తీసుకెళ్లి వాళ్ల కిటికీకి కట్టింది. రెండో రోజుకల్లా అది ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి మా గుమ్మంలో ఉంది. గిన్నెల స్టాండు ఇచ్చింది. మెరిసిపోయేలా తోమి తిరిగిచ్చారు. క్యాలెండరు తగిలించమంటే, మేకు కొడితే గోడ పాడవుతుందని పిల్ల దాన్ని చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంతకంటే నయం!

"గోడకి లేని బాధ మీకెందుకే?" అని ఆరోజు వదిన గట్టిగానే అరిచింది.

పిల్ల తల్లి తల వంచుకుని, మెల్లిగా మాటలు కూడదీసుకుంటూ చెప్పింది. "మూడిళ్లు మారామక్కా. మొదటింట్లోంచి పొమ్మన్నప్పుడు గంట టైమిచ్చారు. గోడలకున్నవి తీసేలోపే బయటికి తోసేశారు. మా అమ్మ ఫొటో అక్కడే ఉండిపోయింది."

వదిన గిరుక్కున తిరిగి మెట్లు దిగింది. కిందికొచ్చాక ఆ కోపమంతా నా మీద చూపించింది, కూరలో ఉప్పెక్కువైందని. ఆ పూట వంట చేసింది వదినే.

పదో రోజు పొద్దున్నే వాళ్లని అడక్కుండా ఇల్లంతా తనే సర్దేసింది. మా కర్టెన్, మా గిన్నెలు, మా కుర్చీలు, ఆఖరికి నా చెప్పులు. "ఇది మోసం వదినా, తెలిసిపోతుంది" అన్నాను. "నోర్మూసుకుని ఆ దుప్పటి పరుచు" అంది.

అదే ఆఫీసరు వచ్చాడు. ఇల్లంతా తిరిగాడు. చెప్పుల దగ్గర ఆగి, వాటినీ, వట్టికాళ్లతో నిలబడ్డ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఈ సామానంతా మీదే కదండీ?" అని వదిననే అడిగాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టే అయింది. అతను కాగితం తీశాడు. మూలన నిలబడ్డ పిల్ల ఆ కాగితాన్నే చూస్తోంది.

వదినకి ఏం తోచిందో ఏమో, ఒక్క ఉదుటున గుమ్మం దగ్గరికి వెళ్లి ఓ సంచి ముడి పీకింది. "వాళ్ల సామాను ఇదిగో! చూడండి, మీ కళ్లతో మీరే చూడండి!" అంటూ లోపల చెయ్యి పెట్టి గిన్నెలు, బట్టలు, పిల్ల పాత పుస్తకాలు నేలమీద గుమ్మరించింది.

"వదలండి!"

గది అదిరిపోయింది. ఇన్నాళ్లూ గుసగుసగా తప్ప మాట్లాడని ఆవిడదేనా ఆ గొంతు!

"నా సంచి వదలండక్కా! ఎవరిని అడిగి ముట్టుకున్నారు? ఇది నా ఇల్లు! నా ఇంట్లో నా సామాను నేనే తీస్తాను. ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. మీరు బయటికి నడవండి!"

వదిన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆవిడ దాన్ని లాక్కుని అలమరలో ఠక్కున పెట్టింది. తర్వాత మమ్మల్నిద్దరినీ గుమ్మం దాకా నడిపించింది.

తలుపు మూసుకుంటుండగా ఆఫీసరు గొంతు వినిపించింది. "అమ్మా, మీకు అభ్యంతరం లేకపోతే నేను కాసేపు కూర్చోవచ్చా? రాసుకోవాలి."

మెట్ల మీద వదిన మొహం ఎర్రగా కందిపోయింది. "చూశావా దాని పొగరు! పందొమ్మిదేళ్లలో ఈ బిల్డింగ్‌లో నన్ను గెంటినవాళ్లు లేరు!" అంది. అంటూనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "గెంటేసిందే నన్ను" అంది మళ్లీ. ఈసారి నవ్వుతోంది.