గ్రాఫులో రాజవ్వ

పొద్దున్నుంచి ముసురు. నిన్న ఎనిమిదో తరగతి పిల్లలు బడి వెనక గల్లీలో ఏ ఇంట్లో ఎంతమంది ఉంటారో అడిగి రాసుకొచ్చారు. ఈ రోజు వాటితో బార్ గ్రాఫ్ గీయించాను. ఒక్కరే ఉండే ఇళ్లకు గ్రాఫులో నిలువు కమ్మీ లేదు. ఒంటరి ముసలమ్మ రాజవ్వ పేరు మాత్రం మూడు ఇళ్ల లెక్కలో ఉంది.

"ఒక్క మనిషిని మూడిండ్లల్ల ఎట్ల రాసిండ్రు?" అన్నాను.

"పొద్దంత మా ఇంట్ల బీడీలు చుడ్తది సార్, మాతోనే తింటది. మాపటి బువ్వ పక్కింట్ల," అంది సునీత. "పండుకునుడు రమ్యోళ్ల ఇంట్ల. ఇగ ఒక్కతే ఎట్లయితది?"

రెండు చోట్ల చెరపమన్నాను. ఎవరూ రబ్బరు తీయలేదు.

"ఒక్కలే ఉండేది మీరే గద సార్," అంది సునీత మళ్లీ. "గా గల్లీలనే ఉంటరు. మాకు యాదికే రాలే."

మూడేళ్లుగా అక్కడే కిరాయికుంటున్నాను. రాయమన్నాను. స్కేలు పెట్టి ఒక గడి ఎత్తు కమ్మీ శ్రద్ధగా గీసింది.

లెక్క తప్పని తెలిసీ ఆ గ్రాఫునే గోడకు అంటించాను. మీరైతే రాజవ్వను ఏ ఇంట్లోంచి చెరిపిస్తారు?

నాలుగుంబావుకు పిల్లలు వెళ్లిపోయారు. నాలుగున్నరకు మిగతా టీచర్లు నిజామాబాద్ బస్సెక్కారు. నేను ముసురులోనే బడి వెనక గల్లీకి నడిచాను.