గుర్రం తాగిన సులేమానీ

మా అమ్మ మీద, నా రెండు కళ్ళ మీద, జేబులో ఉన్న సౌదీ గుర్తింపు కార్డు ఇఖామా మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వుకోండి.

రియాద్‌లో గుర్రాల పోటీలు జరిగిన ఆ వారం నేను ఒక జపాన్ పెద్దాయనకి డ్రైవర్ని. ఒకప్పుడు ఆయన తన దేశం తరఫున గుర్రమెక్కి, అడ్డంగా పెట్టిన కర్రల మీంచి దూకించినవాడు. ఇప్పుడు పోటీలు నిబంధనల ప్రకారం జరుగుతున్నాయో లేదో చూసే అధికారి. కళ్ళు మూసుకుని గుర్రం కాలు తడిమి, వాపెక్కడుందో చెప్పేవాడు. నేనుండే సులై నుంచి పొద్దున్నే వెళ్ళి ఆయన్ని ఎక్కించుకుని, దారంతా నాకొచ్చిన ఇంగ్లీషులో కోతలు కోసేవాణ్ణి. మా తాత గుర్రం పెన్నా నదిని ఒక్క దూకులో దాటిందన్నాను. ఆయన "ఓ!" అన్నాడు. ఆ "ఓ" కోసం ఏమైనా చెప్పేవాణ్ణి.

ఆ గుర్రాలశాలలో మా రాయచోటివాడొకడు పనిచేసేవాడు. ఒక ఎర్ర గుర్రాన్ని ఆరేళ్ళుగా సాకుతున్నాడు. పోటీకి ముందురోజు అది దూకడం చూసి పెద్దాయన మెచ్చుకున్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

"ఉత్త గడ్డికి అంత ఎగురుతుందా సార్? మావాడు దానికి సులేమానీ తాపిస్తాడు. పాలు లేని చిక్కటి టీ!"

ఆయన చిన్న పుస్తకం తీశాడు. "ఎప్పుడు? ఎంత?"

కథ నచ్చిందనుకున్నాను. "రోజూ పొద్దున రెండు లీటర్లు సార్. ఖర్జూరాలు నంజుకుంటుంది కూడా."

టీలో ఉండే కెఫీన్ పోటీ గుర్రాలకు నిషేధమని నాకేం తెలుసు? గంటలో డాక్టర్లు వచ్చి గుర్రం నెత్తురు తీశారు. ఫలితం వచ్చేదాకా మావాణ్ణి శాలలోకి రానివ్వలేదు. పరీక్షలో ఏమైనా తేలితే వీసా రద్దుచేసి, ఖురూజ్ కొట్టించి ఇంటికి పంపేస్తానన్నాడట వాడికి వీసా ఇచ్చిన యజమాని, వాడి కఫీల్.

మావాడు గేటు బయట ఇసుకలో కూర్చున్నాడు. "నేను దానికి చక్కెర పలుకు గూడా పెట్టను మామా. టీ తాపుతానని ఎవుడో చెప్పినాడంట, వాని నోట్లో మన్ను పడ! నా చేత్తో పెడితే తప్ప అది మేత ముట్టదు, తెలుసునా నీకు?"

"తేలిపోతాదిలేరా" అన్నాను.

లోపలి నుంచి సకిలింపు వినిపించింది. వాడు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే పెద్దాయన హోటల్ గదికి వెళ్ళాను. ఆ కథ నేనే అల్లానని తల వంచుకుని చెప్పాను. ఆయన నా భుజం తట్టి, వెంటనే ఫోన్ చేసి మావాణ్ణి లోపలికి పంపించాడు.

ఒట్టు తప్పింది ఆ పై ఒక్క పేరాలోనే. లిఫ్టు దాకా వెళ్ళిన మాట నిజం. తలుపు తెరుచుకుంది, నేనెక్కకుండానే మూసుకుంది. కఫీల్ నాకూ ఉన్నాడు మరి. మావాడు మూడు రోజులు ఆ గేటు దగ్గరే ఉన్నాడు. నెత్తురులో ఏమీ లేదని తేలేసరికి పోటీలు అయిపోయాయి, గుర్రానికి డొక్కలు తేలాయి.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళేటప్పుడు పెద్దాయన అద్దంలోంచి నన్నే చూస్తూ "ఇవాళ కథ లేదా?" అన్నాడు. నేను ఏసీ పెంచాను.

మావాడికి ఇప్పటికీ చెప్పలేదు. శుక్రవారం సెలవుకి వాడి గదికి వెళ్తే సులేమానీ పోసిస్తాడు. "తాగు మామా, ఇది గుర్రానిది గాదులే" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను.